గుంట పూడ్చాలా, ఉంచాలా? నేల ఎత్తుల రాస్టర్ల మీద ఒక సంవాదం

సవరణ పక్షం: నేల ఎత్తుల రాస్టర్ ఏదీ వాడకానికి సిద్ధంగా చేతికి రాదు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక పదకొండు రోజుల యాత్రలో రాడార్‌తో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులనే ఇప్పటికీ చాలామంది మొదట డౌన్‌లోడ్ చేసుకుంటారు. ఒక డిగ్రీ టైల్‌లో 3601 అడ్డు వరుసలు, 3601 నిలువు వరుసలు ఉంటాయి. ప్రతి గడిలో మీటర్లలో ఒక పూర్ణాంకం ఉంటుంది. కొండ నీడ పడిన లోయల్లోనూ, కదలని నీటి మీదా రాడార్ సంకేతం సరిగా తిరిగి రాలేదు. తొలి విడుదలల్లో అలాంటి గడుల్లో -32768 అన్న సంఖ్య వేసి వదిలేశారు. ఆ ఖాళీలు పూడ్చకుండా, పక్క టైళ్లను అతకకుండా, డిగ్రీలను మీటర్లలోకి మార్చకుండా వాలు లెక్క కుదరదు, వాగుల జాడా దొరకదు. డేటాను దిద్దడం ఇష్టాన్ని బట్టి చేసేది కాదు. పని అక్కడి నుంచే మొదలవుతుంది.

మూల పక్షం: తెర మీద కనిపించే తప్పుల్లో ఎక్కువ భాగం డేటాలో ఉండవు, దాన్ని చదివే తీరులో ఉంటాయి. తెరిచిన టైల్ దాదాపు మొత్తం తెల్లగా కనిపించే సందర్భమే తీసుకోవచ్చు. అందులోని నేల 0 నుంచి 1000 మీటర్ల ఎత్తులో ఉంది. సాఫ్ట్‌వేర్ మాత్రం -32768ని కూడా ఎత్తుగానే లెక్కేసి, ఆ మొత్తం అంతరాన్ని 256 ఛాయల్లో సర్దింది. ఒక్కో ఛాయకు 130 మీటర్లకు పైగా పడింది, అసలు నేలకు ఏడెనిమిది ఛాయలే దక్కాయి. ఆ సంఖ్యను నోడేటాగా, అంటే విలువ లేని గడి గుర్తుగా ప్రకటించి, ఛాయల పరిధిని 2 నుంచి 98 శాతం మధ్య విలువలకు కుదిస్తే కొండలు, లోయలు తేలతాయి. ఒక్క గడి విలువా మారదు. ఎత్తుపల్లాలను వెలుగునీడలుగా చూపే హిల్‌షేడ్ నలుపు తెలుపు మచ్చలుగా విరిగిపోవడమూ ఇలాంటిదే. అడ్డం కొలత డిగ్రీల్లో, ఎత్తు మీటర్లలో ఉంటే సాఫ్ట్‌వేర్ రెండింటినీ ఒకే కొలతగా తీసుకుంటుంది. పక్క గడి కంటే ఒక్క మీటరు ఎత్తున్న గడికి అసలు వాలు రెండు డిగ్రీల లోపు. అడ్డం దూరాన్ని 0.00028 అని చదివిన సాఫ్ట్‌వేర్‌కు అదే వాలు 89.98 డిగ్రీలు, అంటే నిలువు గోడ. ఎత్తును అడ్డం కొలతతో పొంతన కుదిర్చే గుణకం, జడ్-ఫ్యాక్టర్ దగ్గర సరైన సంఖ్య వేస్తే చాలు, ఫైల్‌ను ముట్టుకోనక్కర్లేదు.

సవరణ పక్షం: ఆ రెండు ఉదాహరణలూ న్యాయమైనవే. చూపులో లోపాన్ని డేటా లోపమనుకుని ఫైల్‌ను మార్చేవాళ్లు ఉన్నారు, అది దిద్దుబాటు అనిపించుకోదు. అయితే జడ్-ఫ్యాక్టర్ చిట్కా కొంత దూరమే వస్తుంది. భూమధ్యరేఖ దగ్గర అక్షాంశమైనా రేఖాంశమైనా ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. 17 డిగ్రీల ఉత్తరాన రేఖాంశ డిగ్రీ 106 కిలోమీటర్ల చిల్లరకు తగ్గుతుంది. రెండు దిక్కుల్లో రెండు పొడవులున్న గడికి ఒకే గుణకం సరిపోదు. వాలు, విస్తీర్ణం, ఘనపరిమాణం లెక్కించాలంటే రాస్టర్‌ను మీటర్ల ప్రొజెక్షన్‌లోకి మార్చాలి. మార్చగానే గడులన్నీ కొత్త చోట్లకు జరుగుతాయి, ప్రతి విలువనూ పక్క విలువల నుంచి మళ్లీ లెక్క కట్టాలి. కాబట్టి ముట్టని మూల డేటా మీద విశ్లేషణ అన్నది పేరుకే. ఆంధ్రప్రదేశ్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. అనంతపురం, ఆదోని యూటీఎం 43వ జోన్‌లో, విజయవాడ, విశాఖ 44లో, ఇచ్ఛాపురం 45లో పడతాయి. రాష్ట్రమంతటికీ ఒకే పటం కావాలంటే ఏదో ఒక జోన్‌ను బలవంతంగా సాగదీయాలి, లేదా మొత్తానికి ఒకే లాంబర్ట్ ప్రొజెక్షన్ ఎంచుకోవాలి. ఎటు చూసినా మార్పు తప్పదు.

మూల పక్షం: మార్పు తప్పదన్నది నిజం. ఎన్నిసార్లు, ఏ వరుసలో అన్నదే ప్రశ్న. నోడేటా ప్రకటించకుండానే ప్రొజెక్షన్ మారిస్తే ఏమవుతుందో చూడాలి. 400 మీటర్ల గడి పక్కన -32768 గడి ఉంది. బైలీనియర్ పద్ధతి రెండింటికీ సగటు తీస్తే -16184 వస్తుంది. ఇప్పుడు ఖాళీ చుట్టూ అబద్ధపు అగాధాలు వలయంగా పుడతాయి. ఆ తర్వాత -32768ని నోడేటాగా ప్రకటించినా ఆ వలయం పోదు, ఎందుకంటే అందులో ఒక్క గడి విలువా ఆ సంఖ్యకు సరిగ్గా సమానం కాదు. తప్పు మొత్తం డేటా ఒంట్లోకి ఇంకిపోయింది. అతి దగ్గరి గడి విలువనే తీసుకునే నియరెస్ట్ నెయిబర్ పద్ధతితో ఇంకో రకం గాయం తగులుతుంది. కొన్ని వరుసలు రెండుసార్లు పడి, కొన్ని ఎగిరిపోయి, హిల్‌షేడ్ మీద దువ్వెన గీతల్లాంటి చారలు లేస్తాయి. ఎత్తులకు పనికిరాని ఆ పద్ధతే భూవినియోగ పటానికి మాత్రం తప్పనిసరి. వరి 3, చెరువు 5 అయిన చోట సగటు తీస్తే 4 వస్తుంది, పటంలో 4 అంటే మామిడి తోట కావచ్చు. అందుకే మూల ఫైల్‌ను పక్కన ఉంచుకుని, ప్రతి అవసరానికీ దాని నుంచే ఒక్కసారి మార్చుకోవాలి. మార్చినదాన్ని మళ్లీ మార్చకూడదు.

సవరణ పక్షం: ఆ క్రమశిక్షణ మీద పేచీ లేదు. అసలు పేచీ నీళ్ల దగ్గర మొదలవుతుంది. వాగుల వలను, పరీవాహక ప్రాంతం హద్దును కంప్యూటర్ గీయాలంటే ప్రతి గడి నుంచి నీరు చుట్టూ ఉన్న ఎనిమిది గడుల్లో అన్నిటికంటే వాలుగా ఉన్నదానిలోకి పారాలి. చుట్టూ ఉన్నవన్నీ తనకంటే ఎత్తుగా ఉన్న గడి దగ్గర లెక్క ఆగిపోతుంది. రాడార్ కొలతల్లో మీటరు, రెండు మీటర్ల చప్పుడు, అంటే అటూ ఇటూ ఊగే పొరపాటు, ఎప్పుడూ ఉంటుంది, దాని వల్ల ఒక టైల్‌లో ఇలాంటి దొంగ గుంటలు లెక్కలేనన్ని పడతాయి. పెద్ద నది కూడా అలాంటి ఒక్క గుంటలో పడి మాయమవుతుంది. గుంటను పొర్లే ఎత్తు దాకా నింపి నీటిని ముందుకు పంపే పద్ధతిని జెన్సన్, డొమింగ్ 1988లో వివరించారు. వాంగ్, లియూ 2006లో దాన్ని వేగవంతం చేశారు. నేటి జీఐఎస్ ప్యాకేజీలన్నిటిలో ఉన్న ‘ఫిల్’ బొత్తాం ఆ వంశానిదే. అది నొక్కకుండా గోదావరిని పటం మీద సముద్రం దాకా నడిపించడం కుదరదు.

మూల పక్షం: గుంట అన్నది ప్రతిచోటా చప్పుడు కాదు. తెలంగాణలో గుంట అంటే చాలాసార్లు చెరువు. కాకతీయుల కాలం నుంచి వాగుకు అడ్డంగా కట్ట వేసి, పొర్లిన నీరు కింది చెరువుకు చేరేలా గొలుసుకట్టుగా తవ్వుకుంటూ వచ్చిన నేల ఇది. మిషన్ కాకతీయలో పునరుద్ధరణకు లెక్కకు వచ్చిన చెరువులే 46 వేలకు పైగా ఉన్నాయి. ఒక చెరువు మీద ఫిల్ ఎలా పని చేస్తుందో దగ్గరగా చూస్తే సంగతి అర్థమవుతుంది. కట్ట పైభాగం వెడల్పు నాలుగైదు మీటర్లు, గడి వెడల్పు 30 మీటర్లు. ఒక్కో గడిలో కట్ట ఎత్తు, పక్క నేల ఎత్తు కలిసిపోతాయి. కట్ట పొడవునా గడులు ఒకటి 512, ఇంకొకటి 511, మరొకటి 513 మీటర్లుగా తేలతాయి. ఈ తేడాలకు కట్టతో సంబంధం లేదు, అవి కొలతలోని చప్పుడు. ఫిల్ వీటిలో అన్నిటికంటే తక్కువ గడిని వెతికి, చెరువును అంత ఎత్తుకు నింపి, నీటిని అక్కడి నుంచి పొర్లిస్తుంది. ఆ గడి కట్ట నడుమ పడవచ్చు. అసలు అలుగు మాత్రం కట్ట చివర, గట్టి నేల మీద ఉంటుంది, అక్కడి నుంచి నీరు వేరే వాగులోకి, వేరే ఊరి చెరువులోకి పోతుంది. తూము సంగతి సరేసరి. 30 మీటర్ల గడికి తూము కనబడనే కనబడదు. చప్పుడును సరిచేయబోయి గొలుసు మొత్తాన్ని తప్పు కొక్కానికి తగిలించినట్టవుతుంది.

సవరణ పక్షం: ఈ ఉదాహరణ ముందు గుడ్డిగా ఫిల్ నొక్కడాన్ని సమర్థించడం కష్టం. దీనికి మందు దిద్దుబాటు మానేయడం కాదు, మెరుగైన దిద్దుబాటు. గుంటను నింపడానికి బదులు అడ్డుగా ఉన్న గట్టును ఒకచోట తెంచి నీటికి దారి ఇచ్చే బ్రీచింగ్ పద్ధతులున్నాయి. రోడ్డు కట్ట కింద కల్వర్టు ఉన్నచోట అదే సరైన బొమ్మ, ఎందుకంటే నీరు నిజంగానే కింద నుంచి పోతుంది. చెరువుల విషయంలో అలుగు స్థానం తెలిస్తే ఆ ఒక్క గడిని తగ్గించవచ్చు. అప్పుడు ఫిల్ నొక్కినా నీరు సరైన చోటు నుంచే పొర్లుతుంది. ఒక లోతు హద్దు పెట్టి, అంతకంటే తక్కువ లోతున్న గుంటలనే పూడ్చవచ్చు. పూడ్చే ముందు, తర్వాత రాస్టర్లను ఒకదాని నుంచి ఒకటి తీసివేస్తే ఎక్కడ ఎంత మట్టి పోశామో తెలిపే పటం వస్తుంది. దాన్ని చెరువుల జాబితా పక్కన పెట్టుకుంటే అబద్ధపు గుంటలు, నిజపు చెరువులు చాలామటుకు విడిపోతాయి.

మూల పక్షం: ఆ తేడా పటం మంచి పనిముట్టే. మూల రాస్టర్ దాచుకున్నవారికే అది దొరుకుతుంది, దిద్దినదాన్నే దాచుకుంటే తీసివేయడానికి రెండోది మిగలదు. బ్రీచింగ్‌కూ పరిమితులున్నాయి. నేల కంటే ఎత్తుగా, రెండు గట్ల మధ్య నడిచే కాలువ డెల్టా అంతటా కనిపిస్తుంది. గట్టు తెగితే నీరు ఊళ్ల మీదికి వస్తుంది, అందుకే గట్టు కట్టారు. పద్ధతి దాన్ని అడ్డంకిగా చూసి తెంచేస్తే వరద నమూనాలో లేని గండి పడుతుంది. అలాగని మీటరు లోతు దొంగ గుంటలను ఉంచుకుని వాగులు గీయమనడం మొండితనమే. అక్కడ పూడ్చక తప్పదు.

సవరణ పక్షం: దిద్దక తప్పనిది ఇంకొకటి ఉంది, అందులో చప్పుడు ప్రసక్తే లేదు. 2005 మేలో ఎగిరిన కార్టోశాట్-1 జంట చిత్రాల నుంచి తయారైన కార్టోడెమ్ హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ భువన్ పోర్టల్‌లో దొరుకుతుంది. దాని ఎత్తులు డబ్ల్యూజీఎస్84 దీర్ఘగోళం నుంచి కొలిచినవి. ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులు ఈజీఎం96 జియాయిడ్ నుంచి, అంటే సగటు సముద్రమట్టానికి దగ్గరి ఉపరితలం నుంచి లెక్కించినవి. ప్రపంచంలో జియాయిడ్ అన్నిటికంటే లోతుగా దిగిన చోటు శ్రీలంకకు దక్షిణాన, హిందూ మహాసముద్రంలో ఉంది, అక్కడ లోతు వంద మీటర్లు దాటుతుంది. దక్షిణ భారతమంతా ఆ పళ్లెం అంచు మీదే ఉంది. హైదరాబాద్ దగ్గర రెండు లెక్కల తేడా 70 మీటర్లు దాటుతుంది. ఒక టైల్‌లో ఖాళీ ఉందని రెండోదాన్ని తెచ్చి అతికిస్తే, అతుకు పొడవునా అంత ఎత్తు గోడ లేస్తుంది. తీర గ్రామాలన్నీ సముద్రం కంటే పదుల మీటర్లు కిందున్నట్టు కనిపిస్తాయి. ఇక్కడ మార్చకపోతే వచ్చేది పటం కాదు.

మూల పక్షం: ఇది కొలమానం మార్పు, ఒప్పుకోదగిందే. జియాయిడ్ గ్రిడ్ ఒక్కటి కూడితే లేదా తీసివేస్తే అయిపోతుంది, అదే గ్రిడ్‌తో వెనక్కీ రావచ్చు. వెనక్కి రాగలిగిన మార్పుకూ, రాలేని మార్పుకూ మధ్యే అసలు గీత ఉంది. గోడను చూసి అతుకు దగ్గర సగటు తీసి నునుపు చేసేవారూ ఉంటారు. అప్పుడు గోడ స్థానంలో కొండవాలు పుడుతుంది. కంటికి చక్కగా ఉంటుంది గానీ లేని వాలు మీద నీరు పారుతుంది. ఎస్‌ఆర్‌టీఎం గడి విలువ డిగ్రీ గీత మీద పడే బిందువుదా, గడి మొత్తానిదా అన్న చిన్న గందరగోళం వల్ల వచ్చే సగం గడి జరుగుదలా ఇలాంటిదే. 15 మీటర్ల ఆ తేడా ఫైల్ శీర్షికను (హెడర్‌ను) సరిచేస్తే పోతుంది, నునుపు చేస్తే మాత్రం ఎప్పటికీ దాక్కుంటుంది.

సవరణ పక్షం: వెనక్కి రాలేకపోయినా దిద్దక తప్పని చోట్లు ఉపగ్రహ చిత్రాల్లో ఉన్నాయి. 2003 మే 31న ల్యాండ్‌శాట్-7 లోని స్కాన్ లైన్ కరెక్టర్ చెడిపోయింది. అప్పటి నుంచి అది తీసిన ప్రతి చిత్రంలో సుమారు 22 శాతం గడులు చారలుగా ఖాళీ. నడుమ బాగానే ఉండి, అంచుల వైపు పోయేకొద్దీ చారలు వెడల్పవుతాయి. వేరే తేదీ చిత్రంతో ఆ చారలను పూడ్చకపోతే ఆ ఏడాది సాగు విస్తీర్ణం లెక్కలో అయిదో వంతు పొలాలు లేకుండా పోతాయి.

మూల పక్షం: వేరే తేదీ అంటే వేరే పంట. జనవరి చిత్రంలోని చారను మే చిత్రంతో పూడిస్తే, కోత అయిపోయిన మాగాణి పచ్చని నాట్ల నడుమ చారగా కనిపిస్తుంది. దాన్ని ఎండిపోయిన పంటగా లెక్కేసే ప్రమాదం ఉంది. ఖాళీని ఖాళీగా ఉంచి, ఉన్న గడుల నుంచి నిష్పత్తి కట్టడమే మేలు. అయితే చిత్రాల్లోనూ శీర్షిక చదవనివారికి మూల డేటా మోసం చేస్తుందన్న మాట నిజమే. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 గడి విలువలకు 1000 కలిపి ఇస్తున్నారు, లెక్కకు ముందు దాన్ని తీసివేయాలి. ఎరుపు బ్యాండ్ 500, సమీప పరారుణం 3000 ఉన్న పచ్చని పొలానికి పచ్చదనం సూచిక అయిన ఎన్‌డీవీఐ 0.71. వెయ్యి తీయకుండా 1500, 4000తో లెక్కిస్తే 0.45. పొలం అదే, పచ్చదనం అదే, కానీ ఆ తేదీ దాటగానే జిల్లా అంతా ఎండినట్టు గ్రాఫ్ కూలుతుంది.

సవరణ పక్షం: మూల సంఖ్యను నమ్మలేమనడానికి అంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు. ఎత్తుల్లో దీనికి సమానమైనది చెట్ల ఎత్తు. ఎత్తులు కొలిచే రాడార్లు నేలను కొలవవు, తమకు తగిలిన పైపొరను కొలుస్తాయి. గోదావరి ముఖద్వారం దగ్గర కోరింగ మడ అడవిలో ఆకుల ఎత్తే నేల ఎత్తుగా నమోదవుతుంది. ఉప్పెన నమూనాలో ఆ అడవి మెరకగా నిలబడి, వెనకున్న ఊళ్లు భద్రంగా ఉన్నట్టు చూపిస్తుంది. కోపర్నికస్ 30 మీటర్ల రాస్టర్ నుంచి అడవులను, భవనాలను అంచనాతో తీసేసి 2022లో ఫాబ్‌డెమ్ వచ్చింది ఇందుకే. అందులో దిద్దిన ప్రతి గడీ ఒక ఊహే. అయినా తీరంలో నిర్ణయం తీసుకునేవారికి ఆ ఊహే మూల సంఖ్య కంటే నిజానికి దగ్గర.

మూల పక్షం: దగ్గరే కావచ్చు. ఏ గడిలో ఎంత దగ్గరో మాత్రం తెలియదు. కొల్లేరులో ఇదే ప్రశ్న గీత రూపంలో వస్తుంది. 1999లో ప్రకటించిన అభయారణ్యం హద్దు +5 కాంటూరు. అది అడుగుల్లో. మీటర్లనుకుని గీస్తే పటం కొసరు కాదు, అసలే మారిపోతుంది. అయిదు అడుగులంటే 1.52 మీటర్లు. ఎస్‌ఆర్‌టీఎం గడుల్లో ఉన్నవి పూర్ణాంకాలు, 1 తర్వాత 2. పైగా ఆ యాత్ర లక్ష్యంగా పెట్టుకున్న ఖచ్చితత్వమే 90 శాతం చోట్ల 16 మీటర్ల లోపు. అసలు ఫలితం అంతకంటే చాలా మేలే, అయినా మీటరున్నర గీతకు చాలదు. చేపల చెరువుల గట్లు గడుల్లో కలిసిపోయి గీతను ఇంకా వంకర్లు తిప్పుతాయి. సాఫ్ట్‌వేర్ మాత్రం అడిగిన వెంటనే 1.52 దగ్గర నున్నని కాంటూరు గీసి ఇస్తుంది. ఫిల్టర్ వేస్తే ఇంకా నున్నగా ఇస్తుంది. కిలోమీటరుకు 20 సెంటీమీటర్ల వాలున్న నేల మీద ఎత్తులో రెండు మీటర్ల పొరపాటు గీతను పది కిలోమీటర్లు జరుపుతుంది. అలాంటి చోట గీత కాదు, పది కిలోమీటర్ల పట్టీ గీయాలి.

సవరణ పక్షం: పది కిలోమీటర్ల పట్టీతో ఏ అధికారీ రైతుకు నీ చెరువు లోపలుందో బయటుందో చెప్పలేడు. హద్దు గీత నేల మీద లెవెలింగ్ పరికరంతో తేలాలన్నది సరే, ఆ పని రాస్టర్‌తో కాదన్నదీ సరే. ఆ లెవెలింగ్ బిందువులే చేతికొస్తే వాటితో గడులను సరిదిద్ది మెరుగైన రాస్టర్ తయారు చేయడమూ దిద్దుబాటే. అవి రాకముందే కొల్లేరులో కలిసే బుడమేరు పొంగితే ముంపు పటం ఇవ్వాల్సింది ఉన్న డేటాతోనే. అప్పుడు గట్లను సరిచేసి, గుంటలను ఎంపిక చేసి పూడ్చిన రాస్టర్ ఇస్తారా, చప్పుడుతో నిండిన మూలాన్ని ఇస్తారా?

మూల పక్షం: పూడ్చినదే ఇవ్వాలి, తేడా పటంతో కలిపి. ఎక్కడెక్కడ మట్టి పోశారో చూడకుండా ఆ పటం మీద ఎవరి ఊరునూ ముంపు లోపల గానీ బయట గానీ వేయకూడదు.

సవరణ పక్షం: రాత్రికి రాత్రి ఖాళీ చేయాల్సిన ఊళ్ల జాబితా అడిగే తహసీల్దారుకు రెండు పటాలు పక్కపక్కన పెట్టి చదివే తీరిక ఉండదు. ఆయన చేతికి ఒకటే వెళుతుంది. తేడా పటాన్ని చదివి, ఏ గుంట చెరువో ఏది చప్పుడో తేల్చి ఆ ఒక్కటి సిద్ధం చేసే బాధ్యత పటం చేసేవారిదే.

మూల పక్షం: అలాగైతే ఆ తేల్చిన నిర్ణయాలు, గడి వారీగా, వరద రాకముందే ఫైల్‌తో పాటు ఉండాలి. ఆ రాత్రి నొక్కే ఫిల్ బొత్తాం ఆ పని చేయలేదు.